చేపల తొట్టికి నాలుగో కాలు

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు తొట్టి ఒకటి మీ బడి సైన్సు గదిలో పెట్టాలనుకున్నారనుకోండి. ఏ చేపలు పెంచాలి, ఏం మేత వెయ్యాలి అని అందరూ ఆలోచిస్తారు. తొట్టి దేనిమీద నిలబడాలో మాత్రం చాలామంది ఆలోచించరు. వడ్రంగి చేత నాలుగు కాళ్ళ స్టాండు చేయించి, లేదా ఇనుప యాంగిళ్ళు వెల్డింగు చేయించి, దానిమీద తొట్టి పెట్టి నీళ్ళు పోస్తారు. కొన్నాళ్ళకు ఒక రాత్రి అడుగు గాజు "టప్" మని పగులుతుంది. నీళ్ళు గదినిండా పారతాయి. చేపలు నేలమీద గిలగిల కొట్టుకుంటాయి. "గాజు మంచిది కాదు" అని అందరూ అనుకుంటారు.

చాలాసార్లు తప్పు గాజుది కాదు, స్టాండు కింది నేలది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నాలుగో కాలిది. ఆ నాలుగో కాలి సంగతేమిటో, దాన్ని ఎలా సరిచేయాలో తెలుసుకుందాం. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. మూడు మీటర్ల ప్లాస్టిక్ గొట్టం, స్కేలు, కాస్త నూలు దారం చాలు.

బరువు ఎంత?

ముందు లెక్క కట్టండి. తొట్టి లోపల పొడవు 120 సెం.మీ., వెడల్పు 45 సెం.మీ. అనుకుందాం. 40 సెం.మీ. ఎత్తు వరకు నీళ్ళు పోస్తే 120 × 45 × 40 = 2,16,000 ఘన సెంటీమీటర్లు, అంటే 216 లీటర్లు. 15 లీటర్ల బిందెతో పోస్తే 14 బిందెలు దాటుతాయి. లీటరు నీటి బరువు ఒక కిలో కనుక నీరే 216 కిలోలు!

గాజు మందం 10 మి.మీ. అయితే అడుగు, నాలుగు గోడలు కలిపి గాజు వైశాల్యం దాదాపు 20,000 చదరపు సెం.మీ. గాజు సాంద్రత నీటికి రెండున్నర రెట్లు. కనుక గాజు బరువు 50 కిలోలు. అడుగున పరిచే గులకరాళ్ళకు మరో 30 కిలోలు వేసుకోండి. మొత్తం సుమారు 300 కిలోలు. అంటే ఆరు సిమెంటు బస్తాలు మీ స్టాండు ఎక్కి కూర్చున్నట్టే. పగలూ రాత్రీ, ఏళ్ళ తరబడి, దిగకుండా!

ఈ 300 కిలోలను నాలుగు కాళ్ళు సమంగా పంచుకుంటే ఒక్కొక్క కాలికి 75 కిలోలు. కాని సమంగా పంచుకుంటాయా? అసలు ప్రశ్న అదే.

మూడు రాళ్ళ పొయ్యి చెప్పే పాఠం

ఊళ్ళల్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగిస్తారు. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా దానిమీద కుండ ఊగదు. ఎందుకు? మూడు బిందువులు ఎక్కడున్నా సరే, వాటి మీదుగా ఒక సమతలం తప్పకుండా పోతుంది. జ్యామితిలో మీరు చదివిన విషయమే ఇది. నాలుగో బిందువు కూడా ఆ తలం మీదే పడాలన్న నియమమేమీ లేదు. అందుకే ముక్కాలి పీట ఊగదు, నాలుగు కాళ్ళ కుర్చీ ఊగుతుంది.

"అయితే తొట్టికి కూడా మూడు కాళ్ళే పెడితే?" అని మీరు అడగవచ్చు. తొట్టి దీర్ఘచతురస్రం. మూడు కాళ్ళు పెడితే కొన్ని మూలలకు కింద ఆధారం ఉండదు. కనుక నాలుగు కాళ్ళు తప్పవు. వాటితోపాటు ఈ చిక్కూ తప్పదు.

ఇప్పుడు ఊగే స్టాండును గమనించండి. అది ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్ళమీద ఊగుతుంది. మిగిలిన రెండు కాళ్ళలో ఒకసారి ఇది, ఒకసారి అది నేలను తాకుతుంది. తొట్టి భారకేంద్రం సరిగ్గా మధ్యలో ఉంటుంది. అంటే, ఆ రెండు కాళ్ళను కలిపే కర్ణం మీదే ఉంటుంది. కనుక భారమంతా ఆ రెండు కాళ్ళమీదే పడుతుంది. ఒక్కొక్కటి 75 కాదు, 150 కిలోలు మోయాలి!

ఇక్కడితో ఆగదు. స్టాండు మరీ గట్టిది కాకపోతే బరువుకు వంగుతుంది. గాలిలో ఉన్న కాళ్ళు నేలను వెతుక్కుంటూ దిగుతాయి. నాలుగు కాళ్ళూ నేలకు ఆనాయి గనుక ఊగడం మానేసిందని మనం సంతోషిస్తాం. కాని స్టాండు పై భాగం మెలితిరిగింది. దానితోపాటు గాజు కూడా మెలితిరగవలసి వస్తుంది.

వాలు వేరు, మెలి వేరు

కాల్చిన అప్పడాన్ని అరచేతిమీద పెట్టుకొని చేతిని ఒక పక్కకు వంచండి. అప్పడానికి ఏమీ కాదు. అదే అప్పడాన్ని రెండు చేతులతో రెండు వైపులా పట్టుకొని, ఒక చేతిని ముందుకు, ఒక చేతిని వెనక్కు తిప్పండి. పుటుక్కున విరుగుతుంది. మొదటిది వాలు, రెండోది మెలి.

గాజు కూడా అంతే. నొక్కితే చాలా బరువు ఓర్చుకుంటుంది. సాగదీస్తే ఓర్చుకోదు. మెలిపెట్టినప్పుడు దాని ఉపరితలంలో ఒకచోట సాగదీసే బలం పుడుతుంది. అంచున కంటికి కనపడని గీత ఒకటి ఉంటే పగులు అక్కడ మొదలవుతుంది. గోడలను అతికిన సిలికోన్ జిగురు కొంత సాగుతుంది కాబట్టి మెలి మొదటి రోజే బయటపడకపోవచ్చు. వారాలు గడిచాక మూల నుంచి నీరు చెమర్చడం మొదలుపెట్టవచ్చు.

మరి వాలువల్ల ప్రమాదం లేదా? లెక్క వేద్దాం. నీటి పీడనం లోతునుబట్టి ఉంటుంది. 40 సెం.మీ. లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద 40 గ్రాముల బరువంత ఒత్తిడి. పైన సున్న, అడుగున 40. కనుక సగటు 20. ముందు గాజులో నీరు తాకే భాగం 120 × 40 = 4,800 చదరపు సెం.మీ. కనుక నీరు దాన్ని 96 కిలోల బలంతో బయటికి నెడుతుంది. చివర ఉండే చిన్న గాజును 36 కిలోల బలంతో నెడుతుంది. తొట్టి పొడవునా ఒక సెంటీమీటరు వాలు ఉంటే ఒక చివర నీరు 40.5 సెం.మీ., రెండో చివర 39.5 సెం.మీ. ఉంటుంది. పల్లం చివర గాజుమీద బలం 36 నుంచి దాదాపు 37 కిలోలకు పెరుగుతుంది. అంతే. కాబట్టి కొద్దిపాటి వాలు కంటికి వెలితిగా కనిపిస్తుందే తప్ప తొట్టిని పగలగొట్టదు. అయితే వాలు ఎక్కువైతే పల్లం వైపు కాళ్ళమీద భారం పెరుగుతుంది, ఎత్తయిన స్టాండు ఒరిగే ప్రమాదమూ పెరుగుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. పీడనం లోతునుబట్టే గాని నీరు ఎంత విశాలంగా ఉందన్నదాన్నిబట్టి కాదు. నాగర్‌కర్నూలు కేసరి సముద్రంలో కట్ట దగ్గర 40 సెం.మీ. లోతున ఎంత పీడనం ఉంటుందో, మీ తొట్టి అడుగునా అంతే ఉంటుంది. చెరువు కట్టను పైన సన్నగా, కింద వెడల్పుగా పోస్తారు. లోతుకు పోయేకొద్దీ పీడనం పెరుగుతుంది కనుక. గాజును అలా చేయలేం. అందుకే అడుగుకు సరిపోయే మందమే మొత్తానికీ వాడతారు.

మన ఇళ్ళ నేల

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో పాత ఇళ్ళలో, బడుల్లో బండలు పరిచిన నేల కనిపిస్తుంది. కడిగిన నీళ్ళు బయటికి పోవడానికి బండలను గుమ్మం వైపో తూము వైపో వాలుగా పరుస్తారు. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇస్తే మన తొట్టి పొడవులో 12 మి.మీ. తేడా వస్తుంది. బండకూ బండకూ మధ్య ఎచ్చుతగ్గులు వేరు.

స్టాండు పెట్టేచోట ముందుగా ప్రతి బండనూ కర్రతో తట్టి చూడండి. బోలుగా శబ్దం వస్తే కింద మట్టి కుంగిందన్నమాట. అక్కడ కాలు మోపవద్దు. నల్లరేగడి నేల మీద కట్టిన ఇల్లయితే మరింత జాగ్రత్త కావాలి. ఆ మట్టి వానలకు ఉబ్బి, ఎండలకు బీటలు వారుతుంది. ఇంటి నేల కూడా దానితోపాటు కదలవచ్చు. ఎర్రని చెలక నేలలో ఈ బెడద తక్కువ. చెక్క స్టాండయితే చెదలు పట్టకుండా కాళ్ళ కింద ఇనుప రేకో రాతి పలకో ఉంచాలి.

మేస్త్రీ గొట్టం

తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం చూసే ఉంటారు. చిన్న గాజు గొట్టంలో ద్రవం, అందులో ఒక గాలి బుడగ. బుడగ ఎప్పుడూ ఎత్తయిన వైపుకు పోతుంది. 1661 ప్రాంతంలో ఫ్రెంచి పండితుడు మెల్షిసెడెక్ తెవెనో దీన్ని రూపొందించాడు. దాన్ని వాడేముందు ఒక పరీక్ష చేయండి. బల్లమీద పెట్టి బుడగ ఎక్కడుందో చూడండి. తర్వాత అదే చోట దాన్ని ముందువెనుకలు మార్చి పెట్టండి. బుడగ గదిలో అదే దిక్కుకు జరిగితే బల్ల వాలుగా ఉంది. రసమట్టంలో అదే చివరకు జరిగితే తప్పు పరికరానిదే.

రసమట్టం దొరక్కపోతే విచారం వద్దు. మేస్త్రీలే గోడలకు మట్టం పట్టడానికి వాడే ప్లాస్టిక్ గొట్టం దానికంటే మేలు. తెల్లని పారదర్శకమైన గొట్టం మూడు మీటర్లు తీసుకొని, సిరా చుక్క కలిపిన నీటితో నింపండి. రెండు చివరలా కాస్త ఖాళీ వదలండి. లోపల గాలి బుడగలు ఒక్కటి కూడా ఉండకూడదు. రెండు చివరలనూ పక్కపక్కన పట్టుకుంటే నీరు ఒకే ఎత్తులో కనిపించాలి. అలా కనిపించకపోతే ఎక్కడో బుడగ దాగి ఉంది.

స్టాండు కాళ్ళు వచ్చే నాలుగు చోట్లా సుద్దతో గుర్తులు పెట్టి వరసగా క, ఖ, గ, ఘ అని పేర్లు రాయండి. గొట్టం ఒక చివరను దగ్గర్లోని కుర్చీ కాలికి కట్టి, నీరున్నచోట గీత గీయండి. మీ స్నేహితుడు ఆ గీతను చూస్తూ కూర్చోవాలి. మీరు రెండో చివరను పట్టుకొని, "క" దగ్గర స్కేలును నేలమీద నిలువుగా నిలబెట్టండి. గొట్టాన్ని మెల్లగా పైకీ కిందికీ జరపండి. అవతల నీరు గీతను చేరగానే స్నేహితుడు "ఆఁ" అంటాడు. అప్పుడు మీవైపు నీరు నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో చదవండి. మిగిలిన మూడు చోట్లా ఇలాగే చేయండి. తక్కువ అంకె వచ్చినచోట నేల ఎత్తు. ఎక్కువ అంకె వచ్చినచోట నేల పల్లం.

కర్ణాల లెక్క

మీకు వచ్చిన అంకెలు ఇవి అనుకుందాం: క దగ్గర 300 మి.మీ., ఖ దగ్గర 303, గ దగ్గర 305, ఘ దగ్గర 302. అన్నింటికన్నా ఎత్తయినది క. దానికంటే మిగిలినవి ఎంత పల్లమో రాస్తే 0, 3, 5, 2. ఇప్పుడు ఎదురెదురు మూలల్ని కూడండి. క + గ = 5. ఖ + ఘ = 5. రెండూ సమానం. అంటే నేల వాలుగా ఉంది గాని మెలితిరగలేదు. స్టాండు దానిమీద ఊగదు.

మరోచోట 0, 3, 5, 6 వచ్చాయనుకోండి. క + గ = 5. ఖ + ఘ = 9. తేడా 4. ఇక్కడ స్టాండు క, గ కాళ్ళమీద ఊగుతుంది. గాలిలో ఉన్న కాలి కింద 4 మి.మీ. సందు ఉంటుంది. ఇదే ప్రమాదకరమైన మెలి.

ఈ లెక్క ఎందుకు పనిచేస్తుంది? దీర్ఘచతురస్రంలో రెండు కర్ణాలూ ఒకదాన్నొకటి సమంగా ఖండించుకుంటాయి. నాలుగు మూలలూ ఒకే తలంలో ఉంటే ఆ ఖండన బిందువు ఎత్తును ఏ కర్ణం చివరలనుంచి సగటు కట్టినా ఒకటే రావాలి. రాకపోతే మూలలు ఒకే తలంలో లేవు. తరగతిలో నేర్చుకున్న సిద్ధాంతం తొట్టిని కాపాడటానికి ఇలా పనికొస్తుంది.

స్టాండు పై భాగాన్ని పరీక్షించడానికి దారం చాలు. గద్వాల చీరకు నూలు నేత, పట్టు అంచు ప్రసిద్ధం. అక్కడి నేతగాడికి దారం బిగువుగా ఉంటేనే వరస తిన్నగా వస్తుందని బాగా తెలుసు. మనమూ రెండు దారాలను స్టాండు మూలనుంచి మూలకు, కర్ణాల వెంట, ఒకే ఎత్తులో బిగించి కడదాం. మధ్యలో అవి రెండూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. వాటి మధ్య 2 మి.మీ. సందు కనిపిస్తే కర్ణాల మొత్తాల్లో 4 మి.మీ. తేడా ఉన్నట్టు. ఒక దారం రెండోదాన్ని నొక్కుతున్నా మెలి ఉన్నట్టే. అలా నొక్కుతుంటే పైన ఉన్న దారాన్ని కిందికి మార్చి కట్టి సందు కొలవండి.

సరిచేసే పద్ధతి

ఎత్తయిన మూలను అలాగే ఉంచి మిగిలిన మూడింటినీ దానితో సమానం చేయాలి. పై ఉదాహరణలో ఖ కింద 3 మి.మీ., గ కింద 5 మి.మీ., ఘ కింద 6 మి.మీ. మందం పెట్టాలి. ఇనుప రేకులు గాని నాపరాయి పలకలు గాని వాడండి. మడిచిన కాగితం, అట్టముక్క, మెత్తని రబ్బరు పనికిరావు. బరువుకు అణగిపోతాయి, తడిస్తే నానిపోతాయి.

పెట్టే పలక కాలికంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. ఎందుకో చూడండి. కాలు 5 సెం.మీ. చదరమైతే అడుగు 25 చదరపు సెం.మీ. 75 కిలోల భారం దానిమీద పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు. అదే కాలు 2 చదరపు సెం.మీ. ముక్కమీద నిలబడితే 37 కిలోలు దాటుతుంది. ఆ ముక్క నలుగుతుంది, లేదా బండ చిట్లుతుంది.

ఇనుప స్టాండయితే ఇంకో సుఖం ఉంది. ప్రతి కాలి అడుగున నట్టు వెల్డింగు చేయించి దానిలో బోల్టు బిగించవచ్చు. 10 మి.మీ. లావు సాధారణ బోల్టు ఒక చుట్టు తిరిగితే 1.5 మి.మీ. ఎత్తు మారుతుంది. నాలుగు చుట్లు తిప్పితే మన 6 మి.మీ. సరిపోయింది. బోల్టు తల కింద ఇనుప పలక వేయడం మరవకండి.

ఒక్క హెచ్చరిక. తొట్టికీ స్టాండుకూ మధ్య ఎప్పుడూ చెక్కముక్కలు దోపవద్దు. అలా చేస్తే గాజు కొన్ని బిందువుల మీదే నిలబడుతుంది. సరిచేయవలసింది నేల దగ్గరే. స్టాండుపై మందమైన ప్లైవుడ్ పలక, దానిమీద థర్మోకోల్ షీటు పరిస్తే చిన్న ఇసుక రేణువులవల్ల అపాయం ఉండదు. అయితే థర్మోకోల్ మెలిని సరిచేయలేదు. చుట్టూ చట్రం ఉండి అడుగు గాజు కాస్త పైకి ఉండే తొట్లకు అది అసలు వాడకూడదు. ఆ గాజును అది కిందినుంచి నొక్కుతుంది.

నీరే పరీక్ష పెడుతుంది

తొట్టిని పెద్దల సాయంతో స్టాండు మీదికి ఎత్తండి. ఒకేసారి నింపవద్దు. ముందు 10 సెం.మీ. నీళ్ళు పోసి నాలుగు మూలల్లోనూ నీటినుంచి పై అంచుకు ఎంత దూరమో కొలిచి రాసుకోండి. ఇప్పుడు తొట్టే రసమట్టం! కర్ణాల లెక్క మళ్ళీ వేయండి. సరిగా ఉంటే సగం వరకు నింపి, మరునాడు మళ్ళీ కొలవండి. బరువుకు స్టాండు గాని బండ గాని కుంగితే ఇప్పుడే తెలుస్తుంది. తేడా రాకపోతే పూర్తిగా నింపండి. వారం తర్వాత ఇంకోసారి, వానాకాలం వెళ్ళాక మరోసారి కొలవండి. తేడా కనిపిస్తే నీళ్ళు తోడేసిన తర్వాతే కాలు ముట్టుకోవాలి. నిండిన తొట్టి కింద మీట వేసి ఎత్తడం చాలా ప్రమాదం.

తొట్టి నుంచి జూరాల దాకా

ఈ పని చిన్నదని అనుకోకండి. వనపర్తి సంస్థానం చెరువులకు సముద్రాలని పేరు. శ్రీరంగాపురం గుడి పక్కనున్న రంగసముద్రం వాటిలో ఒకటి. ఎంత పెద్ద చెరువైనా మట్టం సూత్రం ఇదే. కట్ట పైభాగం ఎక్కడా అలుగు మట్టానికి తగ్గకూడదు. ఒక్కచోట లోటుంటే నీరు ఆ చోటునే వెతికి పట్టుకుంటుంది. కట్ట అక్కడే తెగుతుంది.

గద్వాల, వనపర్తి జిల్లాల మధ్య కృష్ణానది మీద ఉన్న జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. దాని పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 318.516 మీటర్లు. మిల్లీమీటరు దాకా చెప్పారేమిటా అనిపిస్తుంది. 1,045 అడుగులను మీటర్లలోకి మారిస్తే సరిగ్గా అంతే వస్తుంది, చేసి చూడండి. ఎక్కడో ఉన్న సముద్రంతో పోల్చి ఇక్కడి నీటి ఎత్తు చెప్పాలంటే, చోటునుంచి చోటుకు మట్టం మోసుకుంటూ రావాలి. సర్వే ఇంజనీర్లు చేసేది అదే. మీరు క నుంచి ఖకు, ఖ నుంచి గకు గొట్టం పట్టుకొని వెళ్ళినదీ అదే.

ఇంకొక సంగతి. నిలకడగా ఉన్న నీరు నిజానికి చదునుగా ఉండదు. భూమి గుండ్రన కనుక నీటి ఉపరితలం కూడా ఆ వంపునే అనుసరిస్తుంది. ఒక కిలోమీటరు దూరంలో ఆ తేడా దాదాపు 8 సెం.మీ. జూరాల వంటి పెద్ద జలాశయంలో అది లెక్కకు వస్తుంది. మీ తొట్టిలో మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దానికి మీరు భయపడనక్కర్లేదు!

మీరే చేయండి

తరగతి గదిలో మాస్టారి బల్ల ఉందిగా. దాని నాలుగు కాళ్ళ దగ్గరా నేల మట్టాలు గొట్టంతో కొలిచి కర్ణాల లెక్క వేయండి. బల్ల ఊగుతుందో లేదో ముందుగానే చెప్పి, ఆ తర్వాత ఊపి చూడండి. ఒక బల్ల దగ్గర క 0, ఖ 4, గ 7, ఘ 1 వచ్చాయనుకుందాం. బల్ల ఏ రెండు కాళ్ళమీద ఊగుతుంది? గాలిలో ఉండే కాలి కింద సందు ఎంత? నాలుగు కాళ్ళనూ ఒకే మట్టానికి తేవాలంటే ఏ కాలి కింద ఎంత మందం పెట్టాలి? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే మీ తొట్టిలోకి బొచ్చె పిల్లల్నో గప్పీలనో ధైర్యంగా వదలవచ్చు.